నెట్టు పోయిన సాయంత్రం

అమ్మ పోయాక ఆవిడ ట్రంకు పెట్టె తెరవడానికి నాకు చాలా రోజులు పట్టింది. మనసు రావడం లేదని చుట్టాలతో చెప్పాను గానీ అసలు సంగతి భయం. బతికున్నన్నాళ్లూ ఆ పెట్టె మీద అమ్మ నన్ను కూడా చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. తాళంచెవి పిన్నీసుకు గుచ్చి జాకెట్టు లోపల పెట్టుకునేది. ఆస్పత్రిలో చేర్చిన రోజు నర్సు దాన్ని తీసి నా చేతిలో పెడితే, మంచం మీద నుంచే చెయ్యి చాపి మళ్లీ తన దగ్గరికి లాక్కుంది. అందులో నగలున్నాయని మా తమ్ముడి భార్య అనుమానం. నగల్లేవని నాకు తెలుసు కాబట్టి, నగలకంటే దాచుకోవలసింది ఇంకేదో ఉందని నా అనుమానం.

మా ఇంట్లో అనుమానం ఆస్తిలాగా ఒకరి నుంచి ఒకరికి దిగుతూ వచ్చింది. నాయనమ్మ పాలు పోయించుకునే ముందు గోటి మీద ఒక చుక్క వేయించుకుని, అది జారే తీరు చూసి, పాలవాడి మొహం చూసి, మళ్లీ గోరు చూసుకునేది. నాన్న గడియ పెట్టాక ఒకసారి లాగి చూసి, పడుకున్నాక లేచి ఇంకోసారి లాగి చూసేవారు. అమ్మ అయితే చాకలి తెచ్చిన బట్టలు వాసన చూసి, ఇవి వేరే ఇంటి నీలిమందులో ముంచినవని కనిపెట్టేది. నేను వాళ్లకేం తీసిపోలేదు. ఆటో ఎక్కితే దారి తెలిసినా ఫోనులో మ్యాపు పెట్టుకుని కూర్చుంటాను. అనుమానం పెనుభూతం అంటారు. మా ఇంట్లో మాత్రం అది అన్నం తిని మంచం మీద పడుకునే ఇంటిమనిషే.

చివరికి ఒక మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, పెట్టె తెరిచాను. కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. పైన రెండు పట్టుచీరలు, నాన్న కండువా, నా చిన్నప్పటి వెండి మొలతాడు. అడుగున పాత దుప్పటిలో చుట్టిన బరువైన మూట ఒకటి. ముడి విప్పితే లోపల మట్టిరంగుకు తిరిగిన నూలుతాడు నెట్టు. పైఅంచు పొడుగునా చిలకపచ్చ చీర అంచు కుట్టి ఉంది, దాని మీద మామిడిపిందెలు. దాన్ని చూడగానే గుర్తుపట్టాను. ఆ కుట్టు అమ్మ వేస్తుంటే పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది నేనే. మా కాలనీ రింగు ఆట నెట్టు అది. నా చిన్నతనంలో ఒక సాయంత్రం మాయమై, కాలనీ అంతటినీ ఒకరి మొహం ఒకరు అనుమానంగా చూసుకునేలా చేసి, మళ్లీ ఎవరికీ కనిపించని నెట్టు.

అప్పుడు మేం ఉన్న గవర్నమెంటు క్వార్టర్లు అమీర్‌పేటకూ పంజగుట్టకూ మధ్య ఉండేవి. ఇప్పుడు ఆ పేరు చెప్పినా ఎవరూ గుర్తుపట్టరు. కంప్యూటరు కోచింగు బోర్డులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న ఆ వీధిలో, మెట్రో స్తంభాల నీడలో, మా ఇల్లు ఎక్కడుండేదో నాకే సరిగా అంతుపట్టదు. అప్పట్లో ఒకే ఎత్తున్న బ్లాకులు, మధ్యలో ఒక మైదానం, మైదానం పక్కన రిక్రియేషన్ క్లబ్బు అని బోర్డున్న రేకుల షెడ్డు. రిక్రియేషన్ అంటే మగవాళ్ల సంగతి. ఆఫీసు నుంచి వచ్చి చొక్కాలు విప్పి బనియన్లతో క్యారమ్స్ ఆడేవాళ్లు, బాల్ బాడ్మింటన్ ఆడేవాళ్లు, ఏమీ ఆడకుండా ఆడేవాళ్లకు సలహాలు చెప్పేవాళ్లు. ఆడవాళ్లకు ఏడాదికొకసారి వార్షికోత్సవం నాడు చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరిగెత్తే అవకాశం ఉండేది. గెలిచినవాళ్లకు స్టీలు గిన్నె ఇచ్చేవారు. వంటింట్లోంచి వచ్చినవాళ్లను మళ్లీ వంటింట్లోకి పంపడానికి అంతకంటే మంచి బహుమతి ఏముంటుంది.

అమ్మకు ఆ గిన్నె రెండేళ్లు వరసగా వచ్చింది. మూడోసారి తీసుకోకుండా క్లబ్బు సెక్రటరీ గారి ఇంటికి వెళ్లి, మాకూ రోజూ ఒక గంట ఆట కావాలని అడిగింది. ఆ సెక్రటరీ గారు నాన్న పనిచేసే ఆఫీసులోనే నాన్నకు పైఅధికారి. పేరు చెప్పడం నాకు ఇష్టం లేదు, కాలనీలో కూడా అందరూ సెక్రటరీ గారనే అనేవారు. తెల్లటి ప్యాంటు, మెళ్లో విజిలు, ఎప్పుడూ నోట్లో లవంగం. మంచి మాటకారి. ఆటల పోటీలన్నీ ఆయన చేతి మీదుగా జరగాలి, ఎవరితో ఎవరు ఆడాలో ఆయన చెప్పాలి, రిఫరీ కూడా ఆయనే. నాన్న ప్రమోషన్ కాగితం కూడా ఆయన బల్ల మీదే ఉందని మా ఇంట్లో తరచు అనుకునేవాళ్లు. అమ్మ అడిగినప్పుడు ఆయన నవ్వి, నీళ్ల ట్యాంకు పక్కన ఇసుక మేట వేసిన మూల చూపించి, నాలుగింటి నుంచి దీపాలు పెట్టే వేళ దాకా ఆడుకోండమ్మా అన్నారట. క్లబ్బు గది తాళంచెవి మాత్రం ఆడవాళ్లకు ఇవ్వడం కుదరదన్నారు. కోర్టు గీతలకు సున్నం కూడా ఇవ్వలేదు.

సున్నం లేకపోతే ముగ్గుపిండి లేదా అంది అమ్మ. అప్పటి నుంచి మా రింగు ఆట కోర్టుకు గీతలు ముగ్గుతో వేసేవారు. మధ్యాహ్నం వంటిల్లు కడిగి, నడుం వాల్చి లేచి, పొయ్యి మీద టీ పెట్టి, ఆ టీ మరిగేలోగా అమ్మ చీర కుచ్చిళ్లు పైకి దోపి, ముగ్గుగిన్నె పట్టుకుని బయలుదేరేది. నాయనమ్మ వెనక నుంచి, టీ పొంగిపోతోందని ఒకసారి, పరువు పోతోందని ఒకసారి కేకేసేది. అమ్మ వంగి రెండు వేళ్ల మధ్య నుంచి పిండి జారుస్తూ గీత లాగితే తాడు పట్టి కొలిచినట్టు వచ్చేది. మిగిలిన ఆడవాళ్లు వచ్చి గీతల మూలల్లో చిన్న పువ్వో, చుక్కో వెయ్యకుండా ఉండలేకపోయేవాళ్లు. ఇది కోర్టా, వాకిలా అని మగవాళ్లు ఎగతాళి చేసేవారు. ఇప్పటికీ ముగ్గుపిండి వాసన వస్తే నాకు పండుగ గుర్తుకు రాదు, నాలుగింటి ఎండా, కాలిన టీ గుర్తొస్తాయి.

నెట్టు పంపు షెడ్డులో ఉండేది. కాలనీ మాలీ గంగారాం అందులో తన పార, గొట్టాలు పెట్టుకునేవాడు. తలుపుకు గొళ్లెమే తప్ప తాళం లేదు. అక్కడి నుంచి రోజూ నెట్టు భుజాన వేసుకుని తెచ్చి కట్టడం, ఆట అయ్యాక విప్పి, ఇసుక దులిపి, మడత పెట్టి అక్కడే పెట్టడం అమ్మ పని. ఇంకొకరు కడితే వదులైపోతుందని ఆవిడ అనుమానం. ఆట నేర్చుకోవడం సులువే. గాలిలో వచ్చిన రబ్బరు రింగును ఒంటి చేత్తో పట్టుకుని అక్కడి నుంచే వెంటనే విసరాలి. చేతిలో ఉంచుకుని ఆలోచిస్తే తప్పు. ఆడవాళ్లకు కష్టమైంది ఆట కాదు, జట్లు. కాలనీలో కోస్తా నుంచి వచ్చినవాళ్లు ఒక వైపు, ఇక్కడివాళ్లు ఒక వైపు. కొళాయి దగ్గర ఎలా నిలబడేవాళ్లో కోర్టులోనూ అలాగే నిలబడేవాళ్లు. అమ్మ దానికి ఒక ఉపాయం కనిపెట్టింది. అష్టాచెమ్మా ఆడే చింతపిక్కలు అరగదీసి, పసుపు పూసినవి కొన్ని, కుంకుమ పూసినవి కొన్ని చేసి, గిన్నెలో వేసి గిలకరించి అందరి చేతా తీయించేది. ఒకే రంగు వచ్చిన ఇద్దరిద్దరూ ఒక జంట. దేవుడు కలిపిన జంట అని నవ్వేవాళ్లు. కొళాయి దగ్గర మాట్లాడుకోని ఇద్దరు ఆడవాళ్లు ఒక రింగు కోసం "నీది, నీది" అని అరుచుకోవడం నేను కళ్లారా చూశాను.

అక్కడికి వచ్చేవాళ్లందరిలోకీ బాగా ఆడేది స్వరూపక్క. వెనక బ్లాకులో ఉండేవాళ్లు, ఇక్కడివాళ్లే. ఇంటరు చదువుతుండేది. రెండు జడలు వెనక్కి కలిపి కట్టి, లంగా ఓణీలోనే గాల్లోకి ఎగిరి రింగు పట్టేది. వాళ్ల నాన్న కోపిష్టి. చదివింది చాలు, సంబంధం చూస్తానని రోజూ అంటుండేవాడు. ఆ అమ్మాయిని ఆటకు పంపమని అమ్మ వాళ్లింటికి వెళ్లి మాట్లాడి, నా పక్కనే ఉంటుంది, నాదే పూచీ అని చెప్పి తీసుకొచ్చింది. ఆ మాట నాకు బాగా గుర్తుంది. ఎందుకంటే అమ్మ ఎవరికీ ఏ పూచీ ఇచ్చే మనిషి కాదు.

స్వరూపక్క ఆట చూసి సెక్రటరీ గారు రోజూ మా మూలకు రావడం మొదలుపెట్టారు. ఈ అమ్మాయి ఊరికే ఆడాల్సిన పిల్ల కాదు, పోటీలకు పంపాలి, నేను ట్రెయినింగ్ ఇస్తానన్నారు. ఆడవాళ్లందరూ సంతోషించారు. నేను మాత్రం ఆ లవంగం వాసన వస్తే వెళ్లి అమ్మ వెనక నిలబడేదాన్ని. "మణికట్టు అలా కాదమ్మా, ఇలా తిప్పాలి" అంటూ ఆయన చెయ్యి పట్టుకుంటే, తిప్పడం అయిపోయాక కూడా ఆ చెయ్యి ఆయన చేతిలోనే ఉండేది. కొత్త రింగు ఇస్తాను, క్లబ్బు గదికి రా అని పిలిచేవారు. నేను చిన్నపిల్లను. చూశానే గానీ చూసినదానికి నా దగ్గర మాట లేదు. కంచే చేను మేసిందన్న సామెత నోటికి వచ్చినా, అది మనుషుల గురించి అని అప్పటికి తెలియదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే చింతపిక్కలు వింతగా పడడం మొదలైంది. ఎన్నిసార్లు తీసినా స్వరూపక్క అమ్మ జంటకే వచ్చేది. ఆయన ట్రెయినింగ్ అని దగ్గరికి రాబోతే, అమ్మ మధ్యలో నిలబడి, "మా జంటకు ఆట అయిపోలేదండీ" అనేది. క్లబ్బు గదికి పిలిస్తే, పదమ్మా నేనూ వస్తానని కొంగు దులుపుకుని తనూ బయలుదేరేది. నాలుగు రోజులు చూసి ఆడవాళ్లకు అనుమానం వచ్చింది. స్వరూపక్క జంటలో ఉంటే గెలుపు ఖాయం మరి.

"ఏం వదినా, దినాం స్వరూపనే నీ జంటకెట్లొస్తది?" అని ఎదురు బ్లాకు సత్తెమ్మ గారు మొహం మీదే అడిగేసింది. "గా పిక్కలల్ల ఏం మంత్రం పెట్టినవ్?"

"నా రాత బాగుంది, అంతే" అంది అమ్మ.

"రాతనా, చేతి వాటమా?"

అమ్మ పిక్కల గిన్నె ఎత్తుకుని కోర్టులోకి నడిచింది. ఇంటికొచ్చాక నాయనమ్మ కూడా అదే అంది. "నీ చేతిలో పిక్కలు మాట వింటాయే, నాకు తెలియదూ. గెలవాలని అంత యావ ఏంటి నీకు?" అని. అమ్మ అన్నం వార్చుకుంటూ గంజి గిన్నె వంకే చూస్తూ ఉండిపోయింది. అమ్మ మోసం చేస్తోందని నాకు ఏడుపొచ్చింది. పాలవాడి నుంచి దేవుడి దాకా అందరినీ శంకించే మనిషి, తనే దొంగాట ఆడుతుందా అనిపించింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం అమ్మ పంపు షెడ్డు నుంచి ఉత్త చేతులతో వచ్చింది. అప్పటికే గీతలు వేసి ఉన్నాయి, ఆడవాళ్లు కొంగులు బిగించుకుని ఉన్నారు. "నెట్టు లేదు" అంది. అంతే, ఇంకో మాట లేదు. కాసేపు అందరూ షెడ్డులో, ట్యాంకు వెనక, బ్లాకుల మెట్ల కింద వెతికారు. తర్వాత ఒకరినొకరు చూసుకోవడం మొదలైంది. కోస్తావాళ్లు ఇక్కడివాళ్లను చూశారు, ఇక్కడివాళ్లు కోస్తావాళ్లను చూశారు. క్రికెట్ ఆడే మగపిల్లలే స్టంపుల వెనక కట్టుకోవడానికి ఎత్తుకెళ్లారన్నారు. చివరికి అందరి కళ్లూ గంగారాం మీద ఆగాయి. షెడ్డు అతనిది కదా మరి.

"నాకేం అక్కెర అమ్మా గా నెట్టుతోని? దాన్ని కట్టుకుంటనా, కప్పుకుంటనా?" అన్నాడు గంగారాం, చేతిలో గొట్టం అలాగే పట్టుకుని. నీళ్లు పారుతూనే ఉన్నాయి, ముగ్గు గీతల మీదికి.

సెక్రటరీ గారు విజిలు ఊది అందరినీ ఆపి, మాలీని పనిలోంచి తీయిస్తానన్నారు. అప్పుడు అమ్మ ఒక్క అడుగు ముందుకు వేసి, "గంగారాం తియ్యలేదండీ" అంది. "మీకెలా తెలుసు?" అన్నారాయన. "నాకు తెలుసు. కాలనీలో ఎవరూ తియ్యలేదు. ఎవర్నీ ఏమీ అనకండి." ఆ గొంతు నేను అంతకుముందు వినలేదు. ఆయన అమ్మ వైపు చూశారు, అమ్మ ఆయన వైపు చూసింది. ముందు చూపు తిప్పుకున్నది ఆయనే. గంగారాం జోలికి తర్వాత ఎవరూ పోలేదు. అందరినీ అనుమానించే అమ్మ, అనుమానించి తీరాల్సిన ఆ ఒక్క సాయంత్రం ఎవరినీ అనుమానించలేదు. అది నాకు అప్పుడే తట్టాల్సింది. రాత్రి అన్నాల దగ్గర నాయనమ్మ మాత్రం మజ్జిగ పోసుకుంటూ, "ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు" అని ఎవరితోనో అన్నట్టు అంది. కాలనీనే ఇల్లు అనుకుని అందేమోనని నేను సరిపెట్టుకున్నాను.

కొత్త నెట్టు అడిగితే క్లబ్బు ఇవ్వలేదు, అమ్మ గట్టిగా అడగనూ లేదు. ఆడవాళ్ల గంట అలా ముగిసిపోయింది. ట్యాంకు పక్కన స్కూటర్లు పెట్టుకోవడానికి రేకుల షెడ్డు వేశారు. ఆడవాళ్లు మళ్లీ కొళాయి దగ్గర రెండు వరసల్లో నిలబడ్డారు, ఈసారి మధ్యలో నెట్టు దొంగ అనే అనుమానం కూడా నిలబడింది. స్వరూపక్క చదువు మాత్రం ఆగలేదు. డిగ్రీ చేసి, స్కూల్లో టీచరయ్యాకే పెళ్లి చేసుకుంది. నెట్టు పోయిన మరుసటి ఏడు నాన్నకు ప్రమోషన్ వచ్చింది. సెక్రటరీ గారు చాలా ఏళ్లు సెక్రటరీగానే ఉండి, దండలు వేయించుకుని రిటైరయ్యారు.

నెట్టు ఒళ్లో పెట్టుకుని ఇదంతా ఒకదాని వెనక ఒకటి పేర్చుకుంటుంటే, అమ్మ ఏం చేసిందో నాకు అర్థమైంది. ఎందుకు చేసిందో కూడా చాలావరకు అర్థమైంది. నెట్టు లేకపోతే ఆట లేదు, ఆట లేకపోతే సెక్రటరీ గారి ట్రెయినింగూ లేదు. ఆయన పేరు బయటపెడితే ముందు చెడేది స్వరూపక్క పేరు. వాళ్ల నాన్న ఆ వారమే ఎవడికో కట్టబెట్టి ఉండేవాడు. ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకేనని అమ్మ మాటకు ముందు అనేది. అందుకని ఆకును దాచేసింది. కానీ నేను ఆవిడ కూతుర్ని, అక్కడితో ఆగలేను. నాన్న ప్రమోషన్ కాగితం ఆయన బల్ల మీదే కదా ఉంది. అమ్మ కాపాడింది స్వరూపక్కనా, నాన్న ఉద్యోగాన్నా? ఈ ప్రశ్న వచ్చిన రాత్రి నాకు అమ్మ మీద కోపం వచ్చింది, పోయిన మనిషి మీద కోపమేమిటని నా మీద నాకు కోపం వచ్చింది.

ఇంకో సంగతి కూడా ఉంది. పంజగుట్టలో ఇప్పుడు మేముండే అపార్టుమెంటుకు ఆటల కమిటీ ఉంది. రిటైరై ఖాళీగా ఉన్నానని నన్నూ అందులో వేశారు. కింద షటిల్ కోర్టు, పైన జిమ్ము, సెల్లారులో టేబుల్ టెన్నిస్. స్లాట్లన్నీ ఫోనులోనే బుక్ చేసుకోవాలి. మూలమూలనా కెమెరాలు. జీతమిచ్చి పెట్టుకున్న కోచ్ ఉన్నాడు, చురుకైన కుర్రవాడు, అందరితో నవ్వుతూ మాట్లాడతాడు. రెండు నెలలుగా సాయంత్రం ఆడపిల్లల బ్యాచ్ పలచబడుతూ వచ్చింది. పరీక్షలన్నారు ఒకరు, ట్యూషనన్నారు ఒకరు. కమిటీ ప్రెసిడెంటు గారు, "పిల్లలకు ఇంట్రెస్ట్ లేదండీ మేడమ్, ఆ స్లాట్ తీసేసి పెద్దవాళ్లకు ఇచ్చేద్దాం" అన్నారు. నాకు ఎక్కడో లవంగం వాసన కొట్టింది. మూడో అంతస్తులో ఉండే నిత్య, పదో తరగతి పిల్ల, సాయంత్రం రాకెట్టు సంచి తగిలించుకుని ఇంట్లోంచి బయలుదేరి, కోర్టుకు వెళ్లకుండా మెట్ల మీద కూర్చుని గంట గడిపి ఇంటికి వెళ్లిపోతుండడం నేను నాలుగైదుసార్లు చూశాను. లిఫ్టు ఉన్న ఇంట్లో మెట్ల మీద ఎవరు కూర్చుంటారు? అడిగి రచ్చ చెయ్యడమెందుకు, స్లాట్ తీసేస్తే పిల్లకు బాధ తప్పుతుంది కదా అని నేనూ అనుకున్నాను. మీటింగులో తల ఊపుదామనే నిర్ణయించుకున్నాను. పెట్టె తెరిచింది ఆ మీటింగుకు ముందు వారమే.

ఆదివారం నెట్టును సంచిలో పెట్టుకుని బల్కంపేట వెళ్లాను. స్వరూపక్క ఉండేది ఎల్లమ్మ గుడి వెనక సందులో. ఆషాఢం దగ్గరికొచ్చింది, గుడి చుట్టూ కర్రలు పాతి పందిళ్లు వేస్తున్నారు, వేపాకు అమ్మేవాళ్లు అప్పుడే దారి మీదికి వచ్చేశారు. అక్కకు మోకాళ్లు పట్టేశాయి, కుర్చీలోంచి లేవలేదు. జుట్టు తెల్లబడినా జడలు ముడిచే తీరు మారలేదు.

"రా పాపా, గిట్ల కూసో. మీ అమ్మ దినాలకొచ్చినప్పుడు సరిగ మాట్లాడనీకె కాలే" అంది. నాకు అరవై దాటినా ఆవిడకు పాపనే.

సంచిలోంచి నెట్టు తీసి ఆవిడ ఒళ్లో పెట్టాను. మామిడిపిందెల అంచు మీద వేళ్లతో రాస్తూ చాలాసేపు చూసింది. ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు.

"మీ అమ్మ దగ్గరనే ఉంటదని నాకెరుకే" అంది.

"ఎప్పటి నుంచి?"

"గా దినం నుంచే. గంగారాం తియ్యలేదని అన్నది సూడు, గప్పుడే ఎరుకైంది. మీ అమ్మ ఒకల్ని సాఫ్‌గ నమ్మిందంటే ఏదో ఉన్నట్టే కద."

ఇద్దరం నవ్వాం. తర్వాత నా గొంతులో ఉన్న ప్రశ్న అడిగేశాను. "అమ్మ నీకోసం చేసిందా అక్కా, నాన్న ఉద్యోగం కోసం చేసిందా?"

స్వరూపక్క నావైపు అదోలా చూసింది. "నీకు ఈ గుణం పోలే. రెంటికోసం చేసి ఉంటది. సంసారం గల్ల మనిషి గద. ఒక్క రాయికి రెండు కాయలు పడితె తప్పేముంది?" అని, నెట్టు మడత పెట్టబోయి ఆగింది. "నాకు గా సంగతి మీద ఫికర్ లేదు పాపా. మీ అమ్మ మీద కోపం సుత లేదు. చదువుకున్ననంటె ఆమె పుణ్యమే. కాని ఒక్క మాట ఉండె. ఎన్నడు ఎవరికి చెప్పలే."

"చెప్పక్కా."

"ఆమె నన్ను అడగలే." నెట్టు ముడి ఒకటి వేలితో లాగింది. "పిక్కలు మార్చి మార్చి నా పక్కన నిలబడె గద, గన్ని దినాలు నాకు భయమే లేకుండె. వాడొస్తుండని తెలిసినా నా పానం నిమ్మళంగ ఉంటుండె, పక్కన ఆమె ఉన్నది గదా అని. నెట్టు దాచె ముందు ఒక్కపారి, ఏం జేద్దాం బిడ్డా అని అడిగుంటే చెప్తుంటి. ఆడుదాం అత్తమ్మా, నువ్వు పక్కన నిలబడు చాలు, అని. మళ్ల ఎన్నడు రింగు ముట్టలే నేను. వాడు మాత్రం రిటైరయ్యేదాంక విజిల్ ఊదుకుంట తిరిగిండు."

ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నేను తట్టుకోగలిగేదాన్నేమో. నెట్టు ఆవిడ దగ్గరే ఉంచమన్నాను. వద్దంది. "నాకెందుకు, మోకాళ్లు లేస్తలేవు. అక్కెర పడ్డోళ్లకు ఇయ్యి" అంది. తిరిగి వచ్చేటప్పుడు ఆటో మా పాత క్వార్టర్ల వీధిలోంచి వచ్చింది. నీళ్ల ట్యాంకు ఉండేదని నేననుకునే చోట ఇప్పుడు బాక్స్ క్రికెట్ ఆడే పచ్చటి పచ్చిక ఉంది, పచ్చిక అంటే ప్లాస్టిక్కే. నాలుగు వైపులా నెట్లే, పైన కూడా నెట్టే. గంటకింతని కట్టి కుర్రాళ్లు ఆడుకుంటున్నారు. ఒక్క ఆడపిల్ల కనిపించలేదు. ఇంట్రెస్ట్ లేదు కాబోలు.

అపార్టుమెంటుకు వచ్చేసరికి సాయంత్రమైంది. లిఫ్టు ఎక్కకుండా మెట్లెక్కాను. రెండో అంతస్తు మలుపులో నిత్య కూర్చుని ఉంది, ఒళ్లో రాకెట్టు సంచి. నన్ను చూసి లేవబోయింది. నేనే ఆ మెట్టు మీద, పక్కన కూర్చున్నాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి. ఏం అడగాలో తెలియక, అడగాల్సిందే అడిగాను.

"నీకు ఆడాలనుందా, లేదా?"

ఆ పిల్ల నన్ను పై నుంచి కింది దాకా చూసింది. "ఎందుకడుగుతున్నారు ఆంటీ? అమ్మ అడగమందా? కమిటీ వాళ్లా?" అంది. ఆ కళ్లలో అనుమానం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఇంటి పిల్లలా అనిపించింది.

"ఎవరూ అడగమనలేదు. ఆ స్లాట్ తీసేద్దామంటున్నారు. తీసేముందు నిన్ను అడగాలనిపించింది."

చాలాసేపు సంచి జిప్పు లాగుతూ, మూస్తూ కూర్చుంది. కింద కోర్టులోంచి కోచ్ నవ్వు వినిపిస్తోంది. చివరికి తల ఎత్తకుండానే, "ఆడాలనే ఉంది ఆంటీ. ఆ సార్ వద్దు" అంది. ఎందుకని నేను అడగలేదు. చేతి గ్రిప్పు సరిచేస్తానని అతను చేసేదేమిటో కొంచెం తనే చెప్పింది, మిగతాది నాకు తెలుసు. కెమెరాకు వీపు పెట్టి ఎలా నిలబడాలో అతనికి తెలుసట.

"రేపు మీటింగుంది" అన్నాను. "నీ పేరు రాకుండా నేను చెప్పనా? లేకపోతే నీకేం చెయ్యాలనుందో చెప్పు."

"మీరు చెప్తే ప్రూఫ్ ఏదంటారు. మీది అనుమానం అంటారు." ఆ పిల్ల మొదటిసారి నావైపు తిరిగింది. "మీరు నా పక్కన కూర్చుంటారా? కూర్చుంటే నేనే చెప్తాను."

కూర్చుంటానన్నాను.